ఏడో సోదరుడు

మాది లాడ్జి. రూములిచ్చేది కాదు, ఒకరినొకరు సోదరులని పిలుచుకునే సభ్యుల రహస్య సంఘం. మెట్లెక్కొచ్చి "ఏసీ రూం ఉందా?" అని అడిగేవాళ్లందరికీ ఈ మాట చెప్పుకోవాలి. మా సభ్యులకంటే వాళ్లే ఎక్కువమంది వస్తారు.

ఈ సాయంత్రం ఏడుగురం లేకపోతే లాడ్జి మూసేస్తామని పై సంఘం వాళ్లు తేల్చి చెప్పారు. ఇప్పటికే రెండు మీటింగులు మనుషుల్లేక ఆగిపోయాయి. నేను అధ్యక్షుణ్ణి. ఇంట్లో నేను గదిలోకొస్తే ఎవరూ టీవీ మీంచి కళ్లు తిప్పరు. ఇక్కడ నేనొస్తే లేచి నిలబడతారు. ఇది పోతే నాకు మిగిలేది ఆ టీవీయే, అదీ రిమోట్ లేకుండా.

ఫోన్లు చేసి చేసి దవడలు నొప్పెట్టాయి. ఇన్సూరెన్సాయన మనవరాలి పరీక్షలన్నాడు. మనవరాలు చదివేది ఎల్‌కేజీ. లెక్చరర్ నడుం పట్టేసిందన్నాడు, వెనకాల షటిల్ ఆడుతున్న చప్పుడు. చివరికి పళ్ల డాక్టర్ ఒక్కడే "వస్తాలే అన్నయ్యా" అన్నాడు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

లోపల ఐదుగురం. తలుపు బయట కాపలా నా బావమరిది, మెడలో జరీ పట్టీ, చేతిలో కర్ర. వాడితో ఆరుగురం. రిటైరై ఇంట్లో కూర్చుని తన బుర్ర తింటున్నాడని మా ఆవిడ పోరితే, ఇక్కడ నిలబెట్టాను.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. డాక్టరే! అందరం సర్దుకుని కూర్చున్నాం. చప్పుడు తలుపు దాకా వచ్చింది. కాసేపాగింది. మళ్లీ కిందికి దిగిపోయింది.

ఒక్క అంగలో వెళ్లి తలుపు తీశాను. "ఏడిరా డాక్టరు?"

"పంపించేశాను బావా."

"పంపించేశావా!"

"రహస్యపు మాట చెప్పమన్నాను. తెలీదన్నాడు. తెలీనోణ్ణి లోపలికెలా పంపుతాను? రూలు పెట్టింది నువ్వే కదా."

నిజమే, నేనే పెట్టాను. జనం మీటింగులు ఎగ్గొట్టకూడదని, తలుపు దగ్గర చెప్పాల్సిన మాటని ప్రతి మీటింగులోనూ మార్చి, మళ్లీసారికి కొత్తది ఆ చివర్లోనే చెప్పే ఏర్పాటు చేశాను. రానివాడికి మాట తెలీదు. సిగ్గుపడి మళ్లీసారి తప్పకుండా వస్తాడని నా ఎత్తు. వస్తే లోపలికెలా వస్తాడో ఆలోచించలేదు.

"ఇంకా ఎవరినైనా పంపించావా?" అన్నాను.

"చాలామందినే. పోయిన మీటింగులకి ఇన్సూరెన్సాయన రెండుసార్లొచ్చాడు. లెక్చరరైతే పాపం ఐకమత్యం, త్యాగం, అరటిపండు అంటూ నోటికొచ్చిందల్లా చెప్పి చూశాడు. నేను లొంగలేదు."

"నాకు చెప్పొద్దట్రా?"

"గుమ్మం దగ్గర జరిగింది లోపల చెప్పకూడదన్నావు. ఇప్పుడు నువ్వే బయటికొచ్చావు కాబట్టి చెప్తున్నా."

వాడి మొహం వెలిగిపోతోంది. మొత్తం లాడ్జిలో మనసు పెట్టి పనిచేసింది వాడొక్కడే. ఆ పనితోనే కొంప ముంచాడు.

కిటికీ దగ్గరికి పరిగెత్తాను. కింద డాక్టర్ స్కూటరెక్కుతున్నాడు. మాటని బయటపెట్టినవాడి సభ్యత్వం రద్దు. ఆ రూలూ నాదే. ఊచలు పట్టుకుని వీధంతా వినబడేలా అరిచాను.

"ఓర్పు! డాక్టరూ, ఓర్పు! ఓర్పయ్యా బాబూ!"

వీధిలో అందరూ తలెత్తి చూశారు, డాక్టర్ తప్ప. హెల్మెట్ పెట్టుకున్నాడు. మలుపు తిరిగి వెళ్లిపోయాడు.

వచ్చి కుర్చీలో కూలబడ్డాను. "పోన్లెండి అన్నయ్యా," అంటూ కోశాధికారి అప్పుడే తన కుర్చీ మీది దిండు సంచీలో సర్దుకుంటున్నాడు. నాకు ఏడవాలనిపించింది, కానీ అధ్యక్షుడి కుర్చీలో ఏడవొచ్చో లేదో రూల్లో లేదు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. కింద పంక్చర్లు వేసే అతను, చేతుల గ్రీజు గుడ్డకి తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"మాట చెప్పాడు బావా," అన్నాడు నా బావమరిది. "పొల్లు పోకుండా."

"ఎవరికేమైంది సార్? గొంతు చించుకుంటుంటే పరిగెత్తుకొచ్చాను. మాటేంటని ఈయన నిలేస్తే, మీరు అరిచిందే చెప్పాను."

ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఇది చెల్లుతుందా అని ఎవరూ అడగలేదు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు. కోశాధికారి దిండు బయటికి తీసి ఏడో కుర్చీలో వేశాడు.

మీటింగు మొదలైందని ప్రకటించడానికి లేచాను. సోదరులందరూ లేచారు. అతనూ లేచాడు, ఇక వెళ్లమంటున్నామనుకుని.

"కూర్చో సోదరా," అన్నాను, అతని భుజం రెండు చేతులా పట్టుకుని. "నీకు దణ్ణం పెడతాను, కూర్చో."