కల్వర్టు బాగానే ఉంది

మిషనమ్మకు ఎవరి మీదా పెద్దగా గౌరవం లేదు. ఊళ్ళో అందరి బట్టలూ కుట్టేది ఆమే. ఎవరి నడుము ఎంతో, ఎవరి డాబు ఎంతో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మిషను తొక్కుతూనే మనుషుల్ని పూచికపుల్లలా తీసిపారేసేది. అలాంటి మనిషి కూడా ఒక్క మాట నమ్ముకుని కూర్చుంది. విచారణాధికారి వచ్చి కాలువ మీది కల్వర్టును కళ్ళారా చూస్తే చాలు, కంట్రాక్టరు పాపం పండినట్టేనని.

ఆ కంట్రాక్టరు ఊరిపెద్దకు స్వయానా వియ్యంకుడు. శ్లాబులో ఇనుప చువ్వన్నదే వెయ్యకుండా కట్టి చేతులు దులుపుకున్నాడు. ఎంతో కాలం కాకుండానే నడిమధ్య గొయ్యి పడింది. పాలు పోసి సైకిలు మీద ఇంటికొస్తున్న మిషనమ్మ మొగుడు మసకచీకట్లో ఆ గోతిలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడు గుమ్మం దాకా రావాలన్నా చేతికర్ర కావాలి. ఆనాటి నుంచీ ఆమె అర్జీలు పెడుతూనే ఉంది. ఆఫీసువాళ్ళు ఒకరి మీద ఒకరు తోసుకుంటూ ఆమెను బంతిలా ఆడుకున్నారు. చివరికి ఆమె కోర్టుకెక్కి, కోర్టు గట్టిగా అడిగితే గాని విచారణకు ఒక అధికారి దొరకలేదు. స్థలం చూసి ఆయన రాసే రిపోర్టుతో కంట్రాక్టరు సంగతి అటో ఇటో తేలిపోతుంది.

ఆ ఊరికి ఒక జబ్బుంది. బయటి నుంచి పెద్దమనిషి వస్తున్నాడంటే చాలు, కంటికి కనపడినదల్లా కడిగి, తుడిచి, సున్నం కొట్టేస్తారు. కుళాయిలు రావడం లేదని మొత్తుకుంటే ఒకసారి ఒక అధికారి చూడటానికి వచ్చాడు. వీళ్ళు పొరుగూరి నుంచి బిందెలతో మోసుకొచ్చి తొట్టి నింపి చూపించారు. ఆయన చల్లగా ముఖం కడుక్కుని, నీళ్ళు పుష్కలంగా ఉన్నాయని రాసుకుని వెళ్ళిపోయాడు. అయినా ఈ మహానుభావులకు బుద్ధి రాలేదు.

అధికారి వచ్చే రోజు పొద్దున్నే మిషనమ్మ కల్వర్టు దగ్గరికి వెళ్ళి చూస్తే గొయ్యి లేదు. కింద చెక్కలు బిగించి, రాళ్ళు కూరి, పైన సిమెంటు నున్నగా మెత్తి ఉంది. పక్కనే ఆమె మరిది కాలువలో చేతులు కడుక్కుంటున్నాడు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క తాపీమేస్త్రీ అతనే.

“గొయ్యి ఉంటే జీపు ఎలా దాటుతుంది వదినా? జీపు దాటకపోతే ఆయన ఊళ్ళోకి ఎలా వస్తాడు? ఆయన రాకపోతే నీ గోడు ఎవరికి చెప్పుకుంటావు?” అన్నాడు.

పైగా ఆ గొయ్యి చూసి ఈ ఊళ్ళో పని తెలిసిన మేస్త్రీయే లేడనుకుంటే తనకు తలవంపులట. అతను ద్రోహం చేసి ఉంటే మిషనమ్మ నాలుగు తిట్టి ఊరుకునేది. వెర్రి అభిమానంతో చేశాడని తెలిసే ఒళ్ళు మండిపోయింది. గునపం తేవడానికి ఇంటికి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి జీపు దాటిపోయింది.

బడి గదిలో విచారణ పెట్టారు. అధికారి పక్క కుర్చీలో ఊరిపెద్ద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. తాను ఆ కల్వర్టు మీదుగానే వచ్చానని, చిన్న కుదుపు కూడా లేదని, పనితనం మెచ్చుకోదగ్గదని అధికారి సెలవిచ్చాడు. వెనక నిలబడ్డ మేస్త్రీ ముఖం ఆ మాటకు వెలిగిపోయింది. రాత్రికి రాత్రి పూడ్చారు మొర్రో అని మిషనమ్మ చెప్పింది. తాను కళ్ళతో చూసిందే రాయాలని చట్టంలో ఉందని ఆయన ఓపిగ్గా వివరించాడు. ఆమె మాట నిజమేనా అని మిగతావాళ్ళను అడిగితే, ఊరిపెద్ద కళ్ళెదుట ఒక్కడూ పెదవి విప్పలేదు. మేస్త్రీ కాళ్ళకేసి చూసుకున్నాడు. సిగ్గులేని జన్మలు అనుకుని ఆమె లేచి వెళ్ళిపోయింది.

అధికారి టీ తాగి, సాగనంపించుకుని కాలువ దాకా వచ్చేసరికి గొయ్యి మళ్ళీ నోరు తెరుచుకుని ఉంది. పక్కనే గునపం పట్టుకుని మిషనమ్మ నిలబడింది. జీపుకు ఇంకో దారి లేదు. ఆ కల్వర్టు దగ్గర ఆయన కిందికి దిగడం అదే మొదటిసారి.

“ఇప్పుడు చూడండి సారూ. చువ్వ ముక్క ఒక్కటైనా ఉందేమో మీరే చూడండి,” అంది.

ఆయన గోతిలోకి చూడలేదు, చేతి గడియారం చూసుకున్నాడు. ఇక్కడ మేస్త్రీ ఎవరైనా ఉన్నారా అని అడిగి, తాను వెళ్ళాలి గనక ముందు దీన్ని పూడ్చమన్నాడు. మరిది ముందుకొచ్చి వదిన ముఖంలోకి చూశాడు.

“పూడ్చవయ్యా. మీ అన్న కాలు కూడా అందులోనే ఉంది. బయటికి కనపడకుండా పూడ్చు,” అంది మిషనమ్మ.

అతను కళ్ళు తుడుచుకున్నాడు గాని, తాపీ మాత్రం కింద పెట్టలేదు. జీపు దాటిపోయింది. కల్వర్టు బాగానే ఉందని రిపోర్టు వెళ్ళింది. కంట్రాక్టరు మీద కేసు కొట్టేశారు. ప్రభుత్వ ఆస్తిని ధ్వంసం చేసిందని మిషనమ్మ మీద కొత్తది పెట్టారు.

ఇన్నేళ్ళూ నత్తనడక నడిచిన ప్రభుత్వానికి ఈసారి కాళ్ళొచ్చాయి. సిమెంటు పచ్చి ఆరకముందే ఒక ఇంజనీరు దిగాడు. నష్టం ఎంతో తేల్చాలని మేస్త్రీ చేతే మళ్ళీ గొయ్యి తెరిపించాడు. ప్యాంటు మడుచుకుని కాలువలోకి దిగి, శ్లాబు కిందికి దూరి, టార్చి వేసి మూలమూలా వెతికాడు. టేపుతో కొలిచాడు, ఫోటోలు తీశాడు. ఏ చూపు కోసం ఆమె చెప్పులరిగేలా తిరిగిందో ఆ చూపు ఇన్నాళ్ళకు ఆ గోతిలో పడింది. వీడెవడో మనిషిలా ఉన్నాడనుకుంది మిషనమ్మ.

ఇంజనీరు బట్టలు దులుపుకుంటూ పైకొచ్చాడు.

“శ్లాబులో ఉండాల్సిన ఇనుప చువ్వలు ఒక్కటీ లేవు. ఎవరికి అమ్మేశావమ్మా?” అని అడిగాడు.