రెండు మూరల దారి

గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటుకి సరుగుడు తోటలోంచి కొత్తగా దారి వేశారు. చక్రాల కుర్చీలు, బ్యాటరీ బండ్లు నడిచేలా ఇసుక మీద గ్రావెల్ పరిచి గట్టిగా తొక్కించారు. ఆ సంగతి తెలిసిన ఆదివారమే నీలిమ తన మూడు చక్రాల బ్యాటరీ బండిని ట్రాలీ ఆటోలో వేయించుకుని మధురవాడ నుంచి భీమిలి వచ్చింది.

పోయినేడు భర్త గుణశేఖర్ అస్థికలు కలిపింది అక్కడే. ఆ రోజు మరుదులు ఆమెని కుర్చీతో సహా మోసుకెళ్తామన్నారు. పెళ్లయిన పదకొండేళ్లలో ఆయన ఒక్కసారి కూడా అడగకుండా ఆమెని ఎత్తలేదు. ఆయన్ని సాగనంపడానికి నలుగురి చేతుల మీద వెళ్లడం మనసొప్పక కారులోనే ఉండిపోయింది. ఈసారి తనంతట తాను వెళ్లాలి.

దారి మొదట్లోనే బండి ఆగిపోయింది. మోటారు సైకిళ్లు రాకుండా అటూ ఇటూ సరుగుడు గుంజలు పాతారు. వాటి మధ్య బండి పట్టడం లేదు. రెండంగుళాలు తక్కువ.

నీడలో వల బాగుచేసుకుంటున్న దాలయ్య గబగబా వచ్చాడు. గుంజలు పాతింది అతనే.

“రెండు మూరలు ఉంచమన్నారు మేడమ్. రెండు మూరలే ఉంచేను, సూడండి,” అంటూ మోచెయ్యి ఆనించి కొలిచి చూపించాడు.

చేపలు ఆరబెడుతున్న అతని భార్య కాసులమ్మ ఫక్కున నవ్వింది. “నీ మూరేటి మూరయ్యా! పొట్టి సెయ్యి. నువ్వు కొలిసిన వల ఎప్పుడైనా సరిపోయిందేటి?”

“నువ్వూరుకోయే. మేడమ్, ఏటీ పరవాలేదు. బండితో సహా ఎత్తి అవతల దించేత్తాం.” అతను కేకేయగానే పడవల దగ్గరనుంచి ముగ్గురు వచ్చి బండి కింద చేతులు పెట్టేశారు.

“వద్దు!” అంది నీలిమ. వెంటనే గొంతు తగ్గించింది. “ఎత్తకండి. ఎత్తితే నేను వచ్చినట్టు కాదు. దారి లేకపోతే తిరిగి వెళ్లిపోతాను.”

మగవాళ్లు బండి కింద నుంచి చేతులు తీసేశారు.

“ఆయమ్మని ఎత్తడానికి నలుగురు ఉరికొచ్చేరు,” అంది కాసులమ్మ. “ఆ కర్రని ఎత్తలేరేటి?”

పడవల్ని ఒడ్డుకి లాగే మోకు తెచ్చి గుంజకి కట్టారు. దాలయ్య పడవ లాగేటప్పుడు వేసే కేకే వేశాడు. మూడో కేకకి గుంజ ఊడొచ్చింది, నలుగురూ ఇసుకలో వెల్లకిలా పడ్డారు. నీలిమకి నవ్వాగలేదు. గుంత పూడ్చి కాళ్లతో తొక్కారు. ఆమె బండి దాటాక, గుంజ మళ్లీ పాతడానికి చక్రం జాడకి జానెడు అవతల దాలయ్య మడమతో గుర్తు పెట్టాడు.

“తోడు రమ్మంటారేటి మేడమ్?”

“వద్దు దాలయ్యగారూ. వెళ్తాను.”

చెట్ల మధ్య దారి రెండు మలుపులు తిరిగి, నీటికి నాలుగడుగుల ఇవతల సిమెంటు గచ్చు మీద ఆగింది. నీలిమ బండి ఆపింది. ఆయనతో చెప్పాలని దారంతా కూడగట్టుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. ఆటో అతనికి ఫోన్ చేసి, ఇంకో గంట ఆగమంది.