ఉపవాసం కదా

"పప్పు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే పక్కనే నిలబడి ఏం చేస్తున్నావు? ముక్కుందా లేదా నీకు?"

మా ఆయన కౌశిక్ మాటలో తప్పేం లేదు. ముక్కు ఉంది. వాసనే లేదు. శ్రావణమాసం నుంచి లేదు. జలుబేమో అనుకున్నాను. కరోనా ఏమోనని టెస్టు కూడా చేయించుకున్నాను, అదీ కాదు. ఇక ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు, లేదా వంట ఎగ్గొట్టడానికి కొత్త సాకు అంటారు. పోపులో ఇంగువ తెలియకపోతే పోనీ, పాలు విరిగాయో లేదో పాపను వాసన చూడమంటే సరిపోతుంది. కానీ ఒక ఆదివారం దానికి తలంటి, సాంబ్రాణి వేసి, ఆ జుట్టులో మొహం పెట్టుకుంటే ఏమీ రాలేదు. నా బిడ్డ వాసన నాకు తెలియలేదు. బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకుని చాలాసేపు ఏడ్చాను.

వరలక్ష్మీవ్రతం రోజు పడ్డాను. మా అత్తయ్య బాలత్రిపురసుందరి విజిట్ వీసా మీద గల్ఫ్‌లో మా దగ్గరికి వచ్చి ఉన్నారు. పూజసామానుకు మైల తగలకూడదని వంటింటి అటక అల్మారాలో, పైకప్పుకు ఆనించి పెట్టించారు. ఆ వంటిల్లు మడత మంచమంత ఉంటుంది. కుర్చీ మీద ప్లాస్టిక్ స్టూలు వేసుకుని ఎక్కాను. ఎప్పుడూ అలాగే ఎక్కుతాను, పట్టుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. కలశం చెంబు చేతికి అందుతుండగా స్టూలు జారింది. తల వెనకభాగం గ్రానైట్ గట్టు అంచుకు తగిలింది. అత్తయ్య పరుగెత్తుకొచ్చి, బొప్పి కట్టకుండా అరచేత్తో గట్టిగా రుద్దారు. "పాపిష్టి స్టూలు, ఎంత పని చేసిందమ్మాయ్" అని ఆవిడా కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆ తర్వాత ఇద్దరం బూరెలు వండుకున్నాం.

శుక్రవారం ఆఫీసు ఒంటిపూటే కాబట్టి కౌశిక్ మధ్యాహ్నానికే వచ్చాడు. అప్పటికి నాకు రెండోసారి వాంతయింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. నేను పడ్డ సంగతి అత్తయ్య చెప్పారు. అతను బాత్రూమ్ గుమ్మం దగ్గర నిలబడి చూశాడు.

"పొద్దుట్నుంచి ఉపవాసం కదా, పైత్యం చేసుంటుంది. కాస్త నిమ్మరసం తాగు. సాయంత్రం పేరంటానికి అంతమందిని పిలిచాం, ఇప్పుడు పడుకుంటే ఎలా? నీకేం కాలేదుగా?"

"నాకేం కాలేదండీ" అన్నాను. ఏమని ఉంటే బాగుండేదో ఇప్పటికీ తెలియదు. పట్టుచీర కట్టుకుని, గోడ పట్టుకుని నడుస్తూ, వచ్చినవాళ్ళందరికీ కాళ్ళకు పసుపు రాశాను. తరవాత ఎన్ని వారాలు తలనొప్పి పడ్డా అతన్ని ఒక్క మాట అనలేదు. పాపం, అతనికేం తెలుసు అనుకున్నాను. అతని తరఫున నాకు నేనే వకాల్తా పుచ్చుకున్నాను.

పప్పు మాడిన వారానికే వాళ్ళ కంపెనీ సేఫ్టీ డే. కౌశిక్ అక్కడ సేఫ్టీ ఆఫీసరు. అల్ ఖూజ్‌లో కార్మికుల వసతి ముందు షామియానా వేశారు. ఆఫీసువాళ్ళ భార్యలం ముందు వరుసలో కూర్చున్నాం. తెలుగువాళ్ళే ఎక్కువ కావడంతో కౌశిక్ మైకు పట్టుకుని తెలుగులోనే మాట్లాడాడు. ఇంట్లో నేనెప్పుడూ వినని గొంతు అది, ఎంత ఓపికగా ఉందో.

"తలకు దెబ్బ అంటే పదో అంతస్తు నుంచి పడాలని లేదు తమ్ముడూ. డబ్బా మీద డబ్బా వేసి ఎక్కినా చాలు. నిచ్చెన ఎక్కితే కింద ఒకడు పట్టుకోవాల్సిందే. హెల్మెట్ పెట్టుకుంటే సరిపోదు, గడ్డం కింద పట్టీ బిగించాలి. బండిలో వెనక సీట్లో కూర్చున్నా బెల్టు పెట్టుకోవాలి. పక్కవాడి తలకు దెబ్బ తగిలిందా, పని ఖలాస్, ఆపేయాలి. వాంతి చేసుకున్నాడా, మగతగా ఉన్నాడా, వెంటనే ఆస్పత్రి. రోజా ఉపవాసం ఉన్నాడు కదా, కడుపు ఖాళీ, అందుకే వాంతి అనుకోవద్దు. అలా అనుకోబట్టే మనుషులు పోతున్నారు. వాడు నాకేం కాలేదంటాడు. నమ్మాలా?"

"నమ్మొద్దు సార్!" అన్నారు అందరూ.

పక్కనావిడ "మీవారు ఎంత బాగా చెబుతున్నారండీ" అంది. నవ్వాను.

వెనక నుంచి నూర్ మొహమ్మద్ అనే కడప మనిషి లేచాడు. "సార్, మా రూమ్‌లో రమీజ్ ఉండాడు. పైపు తలకి తగిలినప్పట్నుంచి వానికి వాసన తెలీడంల్యా. చెప్తే పని పోతాదని గమ్మునుండాడు."

"అయ్యో, నాతో చెప్పొద్దా?" అన్నాడు కౌశిక్. మైకు పక్కన పెట్టి అతని దగ్గరికి నడిచి వెళ్ళాడు. "దెబ్బకి వాసన పోతుందయ్యా, లోపల నరం దెబ్బతింటే. పనికేం కాదు. సోమవారం నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తా."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. రమీజ్ ఎవరో తెలియదు, అతనికి బాగవ్వాలని మనసారా అనుకున్నాను. అనుకుంటూనే ఏడుపు ఆపుకోలేకపోయాను.

తిరిగి వస్తుంటే కారులో అడిగాడు. "ఎలా ఉంది నా స్పీచ్? ఏడ్చావట, అంత కదిలించిందా?"

"వాంతయితే ఉపవాసం అనుకోకూడదని మీకు ఎప్పుడు తెలిసింది?"

"అదేం ప్రశ్న? ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ చెబుతున్నదే."

కొంచెం దూరం వెళ్ళాక అతని మొహం మారింది. గుర్తొచ్చినట్టుంది. "భవానీ, ఆ రోజు ఇంట్లో అంతమంది..." అన్నాడు. తరవాత, "సోమవారం నువ్వు కూడా రా, ఇద్దరినీ చూపిస్తా" అన్నాడు.

"వద్దండీ. రమీజ్‌ని తీసుకెళ్ళండి, అతను మిమ్మల్ని నమ్ముకున్నాడు. నేను రేపే వెళ్తున్నాను, ఒక్కదాన్నే" అన్నాను.