బిందెల దేవుడు

నేను ఒక రాతి ముక్కను. మూరెడు పొడవు, రోకలి లావు, చుట్టూ నున్నగా ఉంటాను. నన్ను పుట్టించింది దేవుడు కాదు, డ్రిల్లింగు మిషను.

మా అమ్మ పెద్ద బండ. కొన్ని మండలాల మేర వీపు పైకెత్తి భూమిలో పడుకుంది. ఆమెకు తూర్పున ఒక పల్లం, పడమర ఒక పల్లం. కోట్ల ఏళ్లుగా నదులు తెచ్చిన ఇసుకా బురదా ఆ పల్లాల్లో పొరలు పొరలుగా పేరుకుని రాయిగా మారాయి. బొగ్గు అక్కడే, నీళ్లూ అక్కడే. అమ్మ వీపు మీది పొరలను మాత్రం గాలీ వానా గీకేశాయి. మిగిలింది జానెడు మట్టి. పడిన చినుకు అటో ఇటో జారిపోవడమే తప్ప లోపలికి దిగదు. ఇంత నేల ఉండగా మనుషులు వచ్చి వచ్చి సరిగ్గా ఆ వీపు మీదే ఊరు కట్టుకున్నారు.

పల్లంలోని బొగ్గు ఇటు ఎంతవరకు వచ్చిందో చూడడానికి ఒక వేసవిలో సర్వే వాళ్లు వచ్చారు. ట్యాంకరు నీళ్లు గొట్టంలోకి పంపుతూ తొలిచారు. బొగ్గు తగల్లేదు, అమ్మ తగిలింది. ఆమె ఒంట్లోంచి నన్ను కోసి పైకి లాగారు. నాతో పాటు వాళ్లు పంపిన నీళ్లే బుగ్గలా తన్నుకొచ్చాయి. కరువుతో ఎండిన ఊరు అది చూసి అక్కడికక్కడే సాష్టాంగపడింది.

"అవి మా ట్యాంకరు నీళ్లయ్యా. కింద అంతా ఒకటే బండ" అన్నాడు సర్వే ఇంజనీరు.

ఊరి పెద్ద కనకయ్య తల అడ్డంగా ఊపాడు. "నీళ్లు మీయే అనుకుందాం సారూ. మరి లింగం గింత నున్నగ ఎట్ల మొలిచింది?"

ఇంజనీరు మిగతా ముక్కలను పెట్టెల్లో సర్దుకుని పోయాడు. ఊరివాళ్లు గద్దె కట్టి నన్ను దాని మీద నిలబెట్టారు. గంగ మళ్లీ పొంగాలంటే ఇంటికో బిందె రోజూ నా మీద పోయాలని కనకయ్య కట్టడి పెట్టాడు. పల్లంలోని వాగు ఇసుకలో తవ్విన చెలిమె నుంచి ఆడవాళ్లు మోసుకొచ్చిన నీళ్లు నా నెత్తిన పడి, వచ్చిన దారినే పల్లానికి పోయేవి. చల్లగా ఉండేది. వద్దనడానికి నాకు నోరు లేదు, ఉన్నా అననేమో.

గద్దెకు ఎదురిల్లు పోశవ్వది. ఆమె కూతురు సమ్మక్కకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్న రోజు ఇంట్లో ఉన్నది ఒక్క బిందె. కనకయ్య మనుషులతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"పిల్ల దూప దూప అంటాంది పటేలా. ఇయ్యాల ఒక్కనాడు ఇడువుండ్రి."

"నువ్వొక్కదానివి ఆపుతే ఊరందరి పుణ్యం మట్టిల కలుస్తది. స్వామికి పోసినంక ఇంకో బిందె తెచ్చుకో. ఎవలద్దన్నరు?"

ఆ బిందె నా మీద పోశారు. పోశవ్వ ఖాళీ బిందెతో వాగుకు పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి పిల్ల నీళ్లు అడగడం మానేసింది. నాకు జాలి వేసిందని అబద్ధం చెప్పను. అప్పటికి నేనింకా తడిగానే ఉన్నాను.

గుంత తవ్వబోతే జానెడు లోతులో గడ్డపార ఖంగుమంది. అమ్మ అక్కడా దారివ్వలేదు. పిల్లను పైపైనే పెట్టి, నక్కలు లాగకుండా రాళ్లు పేర్చారు. అందరూ వెళ్లాక పోశవ్వ వచ్చి నన్ను గద్దె మీది నుంచి పెకలించింది. చంకనెత్తుకుని పోయి ఆ రాళ్ల కుప్ప మీద నిలబెట్టింది.

తెల్లారి బిందెలతో వచ్చిన ఊరు నన్ను వెతుక్కుంటూ అక్కడికి చేరింది. స్వామి తనంతట తానే చోటు మార్చాడని కనకయ్య తేల్చాడు. పోశవ్వ పక్కనే కూర్చుని ఉంది.

"పొయ్యుండ్రి" అంది. "మంచిగ పొయ్యుండ్రి."

అప్పటినుంచి రోజూ పోస్తున్నారు. నీళ్లు నన్ను తడిపి, రాళ్ల సందుల్లోంచి పిల్ల దగ్గరికి దిగి, బండ తగలగానే పక్కకు తిరిగి పల్లానికి పోతున్నాయి.