ఖంగుమనే రాయి

పొడవాటి పలుగు మొన పైకప్పుకు తగిలింది. చిషింబా ఎడమ అరచేతిని పక్కనే రాతికి ఆనించి, కళ్ళు మూసుకుని, మళ్ళీ పొడిచాడు. నలభై ఏడేళ్ళ మనిషి. రాజధాని లుసాకా ఆసుపత్రికి పోకముందు భుజాలు చొక్కా చించుకుని వచ్చేట్టుండేవి. ఇప్పుడు మెడ కింద రెండు గుంటలు, వాటిలో చెమట నిలుస్తోంది. హెల్మెట్ కింద కొత్తగా మొలిచిన జుట్టు పసివాడి జుట్టులా మెత్తగా ఉంది.

కిట్వే దగ్గరి ఆ రాగిగనిలో పందొమ్మిదేళ్ళుగా అతని పని ఇదే. పేలుడు పొగ సర్దుకున్నాక అందరికంటే ముందు లోపలికి పోయి పైకప్పును తట్టి చూడాలి. గట్టి రాయి ఖంగుమంటుంది. ఊడిన రాయి డొల్లగా పలుకుతుంది. దాన్ని పెళ్ళగించి కిందికి దించాలి. చిషింబా "బాగుంది" అంటేనే డ్రిల్లువాళ్ళు అడుగు పెడతారు. అంతే ఉద్యోగం. అతని పేరు ఏ బోర్డు మీదా లేదు, ఫోటో ఏ గోడ మీదా లేదు. కానీ అతని మాట నమ్మి లోపలికి పోయినవాళ్ళలో ఒక్కడి తలకైనా గీటు పడలేదు.

కిందటేడు కేన్సరన్నారు. లుసాకాలో ఆరు విడతలు మందు డ్రిప్పు ఎక్కించారు. మూడో విడతకే చెవుల్లో మోత మొదలైంది. సన్నగా, తెంపు లేకుండా ఖంగుమనే మోత. నర్సుకు చెబితే, "ముందు ప్రాణం దక్కనీ అయ్యా, చెవుల సంగతి తర్వాత చూద్దాం" అంది. ఆ తర్వాత అనేది రానే లేదు. ఆ మోత కింద మిగతా చప్పుళ్ళన్నీ ఒక్కొక్కటే మునిగిపోయాయి.

జబ్బు పోయిందన్నారు. చర్చిలో అతని పేరు చెప్పి పాటలు పాడారు. చచ్చి బతికొచ్చినవాడు చెవుల గురించి సణిగితే ఎవడు హర్షిస్తాడు? కూతురి మాటలు పెదాలు చూసి పోల్చుకున్నాడు. గనివాళ్ళ వినికిడి పరీక్షలో, గాజు అవతల కూర్చుని చప్పుడు వదిలే అమ్మాయి భుజం కదిలినప్పుడల్లా బటన్ నొక్కి పాసయ్యాడు. సిగ్గుమాలిన పని. అతనికీ తెలుసు. ఫెయిలైతే పైకి పంపి గేటు దగ్గర చీపురు చేతికిస్తారు. ఆ చీపురు తలుచుకుంటే కేన్సరే నయమనిపించేది.

చెవి పోయాక అరచెయ్యి ఆ పని నేర్చుకుంది. గట్టి రాయి దెబ్బకు బిగువుగా ఉంటుంది, ఊడినది వణుకుతుంది. ఎనిమిది నెలలు అలాగే నెట్టుకొచ్చాడు.

ఇవాళ పక్క సొరంగంలో ఇంకో డ్రిల్లు మొదలుపెట్టారు. కొండ మొత్తం వణుకుతోంది. అరచేతికి అన్ని రాళ్ళూ ఒకటే. చెవికి అన్ని రాళ్ళూ ఖంగే.

నాలుగుసార్లు పొడిచి పలుగు దించేశాడు. వెనక డ్రిల్లు భుజాన వేసుకుని జెరే నిలబడి ఉన్నాడు. పదేళ్ళుగా ఒకే గుంపులో పని, ఒకే డబ్బాలో తిండి.

జెరే న్గోనీ తెగవాడు, చిషింబా మా బెంబా తెగవాడు. మా తాతల తాతలూ వాళ్ళ తాతల తాతలూ ఒకరినొకరు ఈటెలతో పొడుచుకున్నారు. ఆ పాపానికి మేం ఈనాటికీ బావాబావమరుదుల వరస కలుపుకుని నోటితో పొడుచుకుంటాం. మేం కోతుల్ని తింటామని వాళ్ళూ, వాళ్ళు ఎలుకల్ని తింటారని మేమూ. ఎంత మాటన్నా కోపగించుకోకూడదు, చావింట్లో కూడా. ముచ్చటైన ఆచారమే. చిక్కల్లా ఏమిటంటే, ఆ వరసలో నిజం చెప్పినా ఎవడూ నమ్మడు.

"ఏం బావా, రాయికి మొక్కుతున్నావా? కానీ, కానీ!" జెరే చెవి దగ్గరికొచ్చి అరిచాడు.

"నాకు వినబడటంలేదు జెరే."

"ఏంటీ?"

"చెవులు పోయాయిరా. లుసాకా మందు తినేసింది. ఈ రాయి సంగతి నాకు తెలీటంలేదు. నువ్వు కొట్టి విను."

జెరే ఒక్క క్షణం అతని మొహంలోకి చూశాడు. తర్వాత వెనకున్నవాళ్ళ వైపు తిరిగాడు. "విన్నారట్రా! కోతిమాంసం తిని తిని బెంబావాడి చెవుల్లో బొచ్చు మొలిచిందంట! పనెగ్గొట్టడానికి కొత్త ఎత్తు!" వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు.

అప్పుడు చిషింబా పలుగు కింద పారేసి, "ఇది వేళాకోళం కాదు, నా బిడ్డ మీద ఒట్టు" అనాల్సింది. అనలేదు. ఆ నవ్వుల్లో అతనికి తప్పించుకునే దారి దొరికింది. చీపురు కళ్ళ ముందు ఆడింది. అలవాటుపడిన నోరు తనంతట తానే తెరుచుకుంది.

"నీ ఎలుకల కిచకిచలతోనే నా చెవులు పాడయ్యాయిరా ఎలుకలోడా!"

నవ్వు రెట్టింపైంది. అది అణగకముందే, "బాగుంది, రండి" అన్నాడు.

నీళ్ళ గొట్టం విప్పడానికి పదడుగులు వెనక్కి నడిచాడు. దాని మెడ బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులా పట్టి తిప్పుతున్నాడు. జెరే డ్రిల్లు ఆగింది. అతని మెడ మీద చల్లటి దుమ్ముగాలి తగిలింది. అతను వెనక్కి తిరగడానికి చాలాసేపు పట్టింది.

జెరే మీద ఊడిపడిన రాయి పెద్దదేం కాదు. తలుపు రెక్కంత.

సాయంత్రానికి జెరే ఇంటి ముందు ఆడవాళ్ళు చాపల మీద, మగవాళ్ళు బొగ్గుల కుంపటి చుట్టూ చేరారు. చిషింబా స్నానం కూడా చెయ్యకుండా వచ్చాడు. అతన్ని చూడగానే జనంలో కదలిక. న్గోనీ చావింట్లో ఏడుపును తేలిక చెయ్యాల్సింది బెంబా బావే. జెరే భార్య ఎస్నార్ట్ వాచిన కళ్ళెత్తి, "వచ్చావా బావా? ఏదో ఒకటి అను. ఆయనకు నీ తిట్లంటేనే ఇష్టం" అంది. ఆ మాటలు ఆమె పెదాల మీద చదువుకున్నాడు.

"వీణ్ణి నేనే చంపాను" అన్నాడు చిషింబా.

ఎవరో కిసుక్కుమన్నారు.

"నిజం. నేను చెవిటివాణ్ణి. వినబడదని తెలిసీ రాయి బాగుందన్నాను. ఉద్యోగం పోతుందని అన్నాను. ఎస్నార్ట్, నీ మొగుణ్ణి చంపింది నేనే!"

ఒక ముసలమ్మ నవ్వుతూ చాప మీద చరిచింది. మగవాళ్ళలోంచి ఒకడు, "ఎలుకలు తినేవాడొకడు తగ్గాడని ఎంత సంబరమో చూశారా కోతిగాడికి!" అని అందుకున్నాడు. ఎస్నార్ట్ ఏడుస్తూనే, భుజాలు కుదిపేసేలా నవ్వింది. కబురు తెలిసినప్పటి నుంచి అదే మొదటి నవ్వు. ఇంకా అనమన్నట్టు చెయ్యూపింది.

చిషింబాకు ఆ నవ్వు వినబడలేదు. పళ్ళు కనబడ్డాయి, అంతే. మోకాళ్ళ మీద కూలబడి, "నిజం తల్లీ, నిజం" అంటూ నేలకేసి నుదురు కొట్టుకున్నాడు. భలే ఆడుతున్నాడని అందరూ చప్పట్లు కొట్టారు.

గుమ్మం పక్కన, గనివాళ్ళు దించి పోయిన జెరే రబ్బరు బూట్లున్నాయి. ఎడమదాంట్లో గని నీళ్ళు ఇంకా నిలిచే ఉన్నాయి.