సత్తుపిండి డబ్బా

మరాఠీ బడిలో, తెలుగు పిల్ల అయినందుకు స్నేహల్ "ఏయ్ తెలంగీ!" అని వెక్కిరించడం శీతల్‌కు అలవాటైపోయింది. అయిదింటికి గంట కొట్టగానే ఆ కూత ఆగేది. 2008 దసరా సెలవుల తర్వాత ఆర్కుట్‌లో అదే పేరుతో ఒక పేజీ వెలిసింది. నెట్‌కు గంట లేదు.

పేజీలో శీతల్ ఫోటో. సద్దుల బతుకమ్మ నాడు గోదావరి ఘాట్‌లో, మూతి నిండా సత్తుపిండి. కింద నలభై ఆరు మంది నవ్వులు.

శనివారం కుండల్‌వాడి నుంచి నాయిన వస్తాడు. "ఏదన్న మాటచ్చిందంటే సదువు బంద్" అని, మేనత్త సుశీలాబాయి ఇంట్లో దింపిన నాడే చెప్పి పోయాడు.

ఆ రోజు ఘాట్‌లో ఉన్నవాళ్లంతా తెలుగువాళ్లే. కెమెరా ఫోను మాత్రం ఒక్కరి చేతిలోనే ఉంది. బడిలో "మాది పుణె" అని చెప్పుకునే స్నేహల్, అక్కడ నాయనమ్మ లచ్చవ్వ పక్కన నిలబడి, శీతల్‌ను చూసి మొహం తిప్పుకుంది.

శుక్రవారం సాయంత్రం శీతల్, "అత్తా, లచ్చవ్వ సత్తుపిండి పెట్టిచ్చిన డబ్బా ఇచ్చొస్త" అంది.

"ఖాళీ డబ్బా ఇస్తరానే?" అంటూ అత్త అటుకుల చుడువా నింపింది.

లచ్చవ్వ గుమ్మంలోనే పట్టుకుంది. "రాయే బిడ్డా! మా స్నేహల్ నీ ఫోటో దీసింది, సూసినవా?"

"నేనొక్కదాన్నేనా అవ్వా, బడంత సూసింది."

"మంచిగచ్చిందా?" ముసలమ్మ మురిసిపోయింది. వెనకాల స్నేహల్ మొహం సున్నం కొట్టినట్లయింది.

శీతల్ గొంతు పెంచింది. "మా క్లాసోళ్లకు గూడ నీ సత్తుపిండి తినాలె అని ఉంది అవ్వా."

"అయ్యో, గంతేనా? రేపే తెస్త!"

"నేను చెప్పేదాంక ఆగు." తిరిగి వెళ్తూ స్నేహల్ చెవిలో అంది, "రేపు బడి దాంక ఆ పేజీ ఉంటే, అవ్వను నేనే తోలుకస్త."

తెల్లారేసరికి పేజీ లేదు. క్లాసులో అందరికీ అదో పెద్ద నష్టం.

కానీ ముసలివాళ్లు ఆగమంటే ఆగుతారా? శనివారం ఒంటిపూట బడి విడిచే వేళకు గేటు దగ్గర లచ్చవ్వ, చేతిలో డబ్బా.

"ఎవరే ఈ ముసల్ది, తెలంగీనా?" అమ్మాయిలు నవ్వారు. స్నేహల్ వాళ్ల వెనక్కి జరిగింది. ఆమె గుట్టు బయటపడడానికి ఒక్క మాట చాలు. ఆ మాట శీతల్ నాలుక మీదే ఉంది.

"మా అవ్వ" అంటూ శీతల్ డబ్బా అందుకుంది.

లచ్చవ్వ మనవరాలి వైపు చూసింది. స్నేహల్ తన చెప్పుల వైపు చూసుకుంది.

మధ్యాహ్నం నాయిన దిగగానే అడిగాడు. "ఏమన్న మాటచ్చిందా?"

"మాటేం రాలే నాయినా. ఇగో, సత్తుపిండి తిను."