బయటి తిండి

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయి మూడు నెలలైంది. పెద్దబజారులో జీపులు తిరగడం లేదు. సర్కారు వస్తే బజారు బాగుపడుతుందని నమ్మినవాళ్లలో శేషన్న ఒకడు. సర్కారు ఎవరి బజారునూ కాపాడదు. ఆ సంగతి అతనికి ఆలస్యంగా తెలిసింది.

రాజధాని రాకముందు అతని కొట్టులో కూర ఒక్కటే అమ్మేవాడు. పనుల కోసం ఊళ్లు తిరిగే కోసిగి కూలీలు జొన్నరొట్టెలు మూటగట్టుకొని వచ్చి, అతని ఉల్లిగడ్డ కారమో పప్పో వేయించుకొని అక్కడే తినేవాళ్లు. రొట్టె వాళ్లది, కూర ఇతనిది. రాజధాని రాగానే కోస్తా గుమాస్తాల కోసం కుర్చీలు వేసి, అన్నం, సాంబారు పెట్టాడు. "బయటి తిండి లోపల తినరాదు" అని బోర్డు కూడా కట్టాడు.

ఇప్పుడు గుమాస్తాలు లేరు. రేపు కొట్టు మూసి ఆదోని పత్తిమిల్లులో కూలికి పోదామని భార్య గంగక్క తేల్చి చెప్పింది.

మధ్యాహ్నం ఎదుటి మూతబడ్డ కొట్టు నీడలో ఆరుగురు మూటలు విప్పారు. వాళ్లలో కంబన్నను శేషన్న గుర్తుపట్టాడు. పాత గిరాకీ.

"ఏం కంబన్నా, యాడికి పోతాండారు?"

"కోయిలకుంట్లకు, పత్తి తీసేకి."

"లోపలికి రాండప్పా, కుర్చీలుండాయి."

"మా రొట్టెలకు కుర్చీలు ఎందుకు సామీ? అచ్చరాలు రాకున్నా నీ బోర్డు మాకు బాగనే అర్థమైంది."

అందరూ నవ్వారు. శేషన్న నవ్వలేదు. తప్పు చేసినవాడికి తప్పని తెలిస్తే చాలదు, కాళ్లు కదలాలి. లోపలికి పోయి గంగక్క ఇంటికని నూరిన ఉల్లిగడ్డ కారం గిన్నెతో సహా తెచ్చి, వాళ్ల మధ్య మట్టిలో కూర్చున్నాడు.

కంబన్న రొట్టె తుంచి అద్దుకొని నమిలాడు. అందరూ అతని నోటికేసే చూశారు.

"ఉప్పు తక్కువుండాది. గుమాస్తాల నాలుక అంటించుకున్న్యావేమప్పా?" అంటూనే సగం రొట్టె తుంచి శేషన్న చేతిలో పెట్టాడు. "తిను. ఎల్లుండి మా ఊరోళ్లు ఇంగా ఇరవై మంది వస్తారు. పప్పు చేపిచ్చు. సాంబారు పోస్తే మాత్రం నీ నెత్తినే పోస్తాం."

గడపలో నిలబడి గంగక్క అంతా వింది. మిల్లు మాట ఎత్తలేదు.

"ఇరవై మందికి పప్పు చేసేకి మన చిన్న సట్టి చాలదు," అంది మొగుడితో. "తిన్నాక అటక మీది పెద్దది దించు."